వాపసు ఇవ్వాల్సిన కంపాసు

మా బడిలో ఫీజు లేదు. ఆ మాట ఎవరైనా గొప్పగా చెబితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఫీజు లేదు, సరే. మరి జూన్ మొదటి వారంలో బోర్డు మీద రాసే జాబితా సంగతేమిటి? రెండు వందల పేజీల నోటుబుక్కులు ఆరు, నూరు పేజీలవి నాలుగు, గ్రాఫు పుస్తకం, అట్లాసు, అట్టలు వేసుకోవడానికి బ్రౌను పేపరు, లేబుళ్ళు, అన్నిటికన్నా చివర జామెట్రీ బాక్సు. నేను ఆ జాబితా ఇంటికి తెచ్చి పైకి చదువుతుంటే మా అమ్మ సంకటి కెలుకుతూ వినేది. ఒక్కో వస్తువు పేరు వచ్చినప్పుడల్లా తెడ్డు ఇంకాస్త గట్టిగా తిరిగేది. పుస్తకాలు ఎన్ని చెప్పినా ఓర్చుకునేది కానీ జామెట్రీ బాక్సు అనగానే కెలకడం ఆపేసేది.

మేము గోల్డ్ ఫీల్డ్స్‌లో, బంగారు గని పనివాళ్ళకిచ్చే లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. మా నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో చేరాడు. భూమి లోపల, తవ్విన చోట పైరాయి కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. అప్పటికే గనులు తెల్లదొరల చేతుల్లోంచి సర్కారు చేతికి వచ్చేశాయి. అయినా మా లైన్లలో అందరూ దాన్ని కంపెనీ అనే పిలిచేవారు.

జాబితాతో మా అమ్మ ఏటా ఒక యుద్ధం చేసేది. పోయినేటి నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చించి, దబ్బనంతో కుట్టి కొత్త పుస్తకం చేసేది. సిమెంటు సంచి లోపలి పొర విదిలించి అట్టలు వేసేది. ఎంత విదిలించినా దుమ్ము పోయేది కాదు, నా పుస్తకం తెరిస్తే పక్క పిల్లకు కూడా తుమ్ములొచ్చేవి. అట్లాసు మా అన్నది. అంతకుముందు అది ఇంకెవరిదో. అందులో మా రాష్ట్రం పేరు ఇంకా మైసూరే. ఇలా అన్నీ అమ్మ చేతిలో ఏదో ఒక రూపానికి వచ్చేవి. జామెట్రీ బాక్సు ఒక్కటే ఆమెకు లొంగలేదు. దాన్ని కుట్టడానికి లేదు, అతికించడానికి లేదు.

నిజానికి ఇంట్లో ఒక బాక్సు ఉండేది. అది మా అన్నది. అన్న పదో క్లాసు, నేను ఏడో క్లాసు. బళ్ళు వేరు, పరీక్షల వేళలు మాత్రం ఒకటే. ఒకే ఇంటికి రెండు బాక్సులా అన్నది మా అమ్మ ప్రశ్న. ఆ ప్రశ్న తప్పని ఆ ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ అనలేరు. స్కేలు, కోణమాని పక్కవాళ్ళని అడిగి తెచ్చుకోవచ్చు. కంపాసు ఎవరిస్తారు? వృత్తం గీయమంటే క్లాసంతా ఒకేసారి గీస్తుంది కదా.

అర్ధ సంవత్సర పరీక్షకు నేను అమ్మ గాజు పట్టుకుపోయాను. కాగితం మీద గాజు పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పాను. చక్కటి వృత్తం వచ్చింది. రెండో లెక్కకూ అదే గాజు, మూడో లెక్కకూ అదే. ఒకదాంట్లో వ్యాసార్ధం నాలుగున్నర సెంటీమీటర్లు అన్నారు, ఇంకోదాంట్లో రెండున్నర. నా వృత్తాలన్నీ మా అమ్మ మణికట్టంతే ఉన్నాయి.

లెక్కల మేష్ట్రు పేపర్లు ఇస్తూ నన్ను లేపి నిలబెట్టాడు. "ఏమ్మా, నీ కంపాసు ఒకే కొలతకి బిగుసుకోని పోయిండాదా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. నవ్వు ఆగాక దగ్గరికి వచ్చి, "పబ్లిక్ పరీక్షలో గాజు పెట్టి గీస్తే సున్నా ఏస్తారు పాపా. మీ నాయనకి చెప్పు" అన్నాడు.

ఏడో క్లాసుకు అప్పుడు పబ్లిక్ పరీక్ష ఉండేది. అది తప్పితే నా సంగతి ముందే తేలిపోయింది. బైరకూరులో మా మేనమామ పట్టుపురుగులు పెంచేవాడు. పురుగులకు వేళకు ఆకు వెయ్యడానికి ఒక మనిషి కావాలని మా అత్త రెండేళ్ళుగా కబురు పెడుతూనే ఉంది. మా లైన్లలో ఏడు తప్పిన ఆడపిల్లకు రెండోసారి పరీక్ష కట్టించిన ఇల్లు నేను చూడలేదు. "పాసైతే బడి, లేకుంటే బైరకూరు" అని అమ్మ తేల్చేసింది. పట్టుపురుగులంటే నాకు చచ్చేంత అసహ్యం. రాత్రి కలలో కూడా అవి ఆకు నమిలే చప్పుడు వినిపించేది.

మా పక్కింట్లో ఒక తమిళ ఆయన ఉండేవాడు. గని వర్కుషాపులో ఫిట్టరు. నేను మామా అని పిలిచేదాన్ని. నాయన గోడు వెళ్ళబోసుకుంటే ఆయన పకపకా నవ్వాడు.

"కంపాసు దానే అన్నా, అంతే గదా? రెండు కాళ్ళు, ఒక స్క్రూ. దీనికి పోయి అంగట్లో దుడ్డు పోస్తారా? నేను చేసిస్తా పాపకి" అన్నాడు.

చేశాడు కూడా. ఫోర్‌మన్‌ని అడిగి పనికిరాని ఇత్తడి ముక్కలు తీసుకుని, మధ్యాహ్నం తిండి వేళల్లో కూర్చుని పది రోజుల్లో చేశాడట. నాయన చూసి వచ్చి చెప్పాడు: "బలే ఉండాది పాపా. బిగించినామంటే ఇంగ కదల్దు."

"యాడుంది నాయినా?" అన్నాను.

"లోపల" అన్నాడు. లోపల అంటే గేటు లోపల.

ఇక్కడ గేటు సంగతి చెప్పాలి. బంగారు గని కాబట్టి షిఫ్టు దిగిన ప్రతివాడూ సోదా గదిలో చెప్పులు విడిచి చేతులెత్తి నిలబడాలి. కాపలావాళ్ళు జేబులు, నడుము, అన్నం క్యారియరు అన్నీ తడిమి చూస్తారు. చాలామందికి అది తల కొట్టేసినట్టుండేది. కొందరు ఆ కోపంతోనే ఒక మేకో, ఒక బోల్టో ఎలాగో దాటించేవారు. మా నాయన తీరు వేరు. రోజూ చేతులెత్తేవాడు, రోజూ "ఏమీ లేదు, పో" అనిపించుకునేవాడు. బడికి పోని మనిషికి అది రోజూ పాసయ్యే పరీక్ష. అందులో ఆయన ఏనాడూ తప్పలేదు.

అందుకే ఫిట్టరు మామ, "క్యారియర్లో సంకటి ముద్దలో పెట్టుకో అన్నా, ఎవరు చూస్తారు" అంటే ఒప్పుకోలేదు.

అమ్మ ఊరుకుంటుందా? "కొండను తవ్వి ఎలకను పట్టినట్టుండాది నీ యవ్వారం! చేసింది చేసినారు, బిడ్డకి ముట్టేదెట్ల? లైన్లో ఎవురింట్లో లేదయ్యా కంపెనీ సామాను? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అని విరుచుకుపడింది.

"ఎవురింట్లో ఏముంటే నాకేమి? నా చేతులు పైకెత్తినప్పుడు వణకగూడదు" అన్నాడు నాయన.

నాకు ఆ రోజు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కూతురి చదువు కన్నా చేతులు వణక్కపోవడం ఎక్కువా? ఆ మాట పైకి అనలేదు కానీ ఆ పూట ఆయన పిలిస్తే పలకలేదు.

మర్నాడు నాయనే నా పక్కన కూర్చున్నాడు. గేటు దాటించాలంటే ఆఫీసరు చీటీ ఇవ్వాలట. చీటీ కావాలంటే ఇంగ్లీషులో అర్జీ రాయాలట. "రాయి పాపా, నీ కంపాసు కోసరమే గదా" అన్నాడు.

నాకు ఇంగ్లీషులో ఒక్క ఉత్తరమే వచ్చు. ఒంట్లో బాగా లేదు, ఒక రోజు సెలవు ఇప్పించండి అని బడికి రాసే ఉత్తరం. టీచరమ్మ బట్టీ పెట్టించింది. నేను ఆలోచించాను. గేటు లోపల ఉన్నదాన్ని బయటికి పంపమని అడగాలి. బడిలోంచి పిల్లని పంపమని అడిగేది సెలవు చీటీయే కదా! ఇంకేముంది, పేర్లు మార్చి రాసేశాను. నా కంపాసు గని లోపల ఉన్నందువల్ల దానికి సెలవు మంజూరు చేయవలసిందని రాశాను. ఆ ఉత్తరానికి చివర ఒక వాక్యం ఉంటుంది, సెలవు కాగానే తిరిగి హాజరవుతానని. దాన్ని వదిలేస్తే మార్కులు తగ్గుతాయని టీచరమ్మ చెప్పింది కాబట్టి అదీ రాశాను. పని అయిపోగానే కంపాసు తిరిగి హాజరవుతుందని.

నాయన ఆ కాగితం పట్టుకుని మూడు రోజులు, రాత్రి షిఫ్టు దిగగానే నిద్ర కూడా పోకుండా, ఆఫీసరు గది ముందు నిలబడ్డాడు. మూడో రోజు చీటీ తెచ్చాడు. గుడ్డలో చుట్టిన కంపాసు నా చేతిలో పెట్టాడు. ఎంత బరువో! నా జానెడు ఉంది. కీలు నూనె పట్టి మెరుస్తోంది.

"ఆఫీసరు పైకి చదివినాడు. గుమాస్తాలు, ప్యూన్లు అందురూ నవ్వినారు. ఎందుకు నవ్వినారో నాకు తెలీదు. సంతకమైతే పెట్టినాడు" అన్నాడు నాయన, అమ్మతో.

ఎందుకు నవ్వారో నాలుగు రోజుల తరవాత ఫిట్టరు మామ చెప్పాడు. గని అంతా చెప్పుకుంటున్నారట, ఒక కంపాసు సెలవు పెట్టిందని. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నన్ను చూసి నవ్వితే అది వేరు. నేను రాసిన తప్పు చేతపట్టుకుని మా నాయన వాళ్ళ మధ్య చెప్పులు లేకుండా నిలబడ్డాడు. వాళ్ళు నవ్వుతుంటే ఎందుకో తెలియక, తానూ కొంచెం నవ్వి ఉంటాడు.

ఆఫీసరు సరదాకో, ఉత్తరంలో ఉన్న మాట తీసుకునో, చీటీ మీద ఇలా రాశాడు: ఇత్తడి పరికరం ఒకటి, పని అయిన తరవాత వాపసు చేయవలెను. నేను దాన్ని తెలుగు చేసి చదివాను. అమ్మ నవ్వి పొయ్యి దగ్గరికి పోయింది. నాయన నవ్వలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి రేషను కార్డు ఉండే డబ్బాలో దాచాడు.

పరీక్ష హాల్లో ఆ కంపాసు తీస్తే పర్యవేక్షకుడు ఉలిక్కిపడి, "ఇదేమమ్మా, ఆయుధమా?" అన్నాడు. దాని సూది కాగితం దాటి బల్లలో దిగింది. కానీ నాలుగున్నర అంటే నాలుగున్నరే, రెండున్నర అంటే రెండున్నరే గీసింది. నేను పాసయ్యాను. బైరకూరుకు పండక్కి పోయి పురుగులను దూరం నుంచి చూసి వచ్చాను.

ఆ తరవాత ప్రతి జూన్‌లో, బడి తెరిచే ముందు, నాయన ఒక్కటే అడిగేవాడు.

"దాంతో పని అయిపోయిందా పాపా?"

"ఇంకా లేదు నాయినా."

"సరే అయితే" అని కీలుకు రెండు చుక్కల నూనె వేసిచ్చేవాడు. హైస్కూలుకు వచ్చాక ఆ గడ్డపార లాంటి దాన్ని బయటికి తీయాలంటే నాకు సిగ్గేసేది. టీచర్ ట్రైనింగులో చేతికి నాలుగు డబ్బులు రాగానే మొట్టమొదట కొన్నది తళతళలాడే జామెట్రీ బాక్సే. అయినా నాయన అడిగినప్పుడల్లా పని అయిపోలేదనే చెప్పాను. ఎందుకు అబద్ధమాడానంటే, దాన్ని ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు. అంతే.

నేను టీచరునై ముళబాగిలు పక్క పల్లెలో చేరాను. మొదటి జూన్‌లో సుద్దముక్క తీసుకుని బోర్డు మీద జాబితా రాశాను. ఆరు నోటుబుక్కులు, గ్రాఫు పుస్తకం, చివర జామెట్రీ బాక్సు. ఒక్కటీ తగ్గించలేదు. మర్నాడు పాలు పోసుకుని బతికే ఒక తల్లి, డెయిరీలో పాలు పోసి, ఖాళీ క్యాను పట్టుకునే వచ్చింది.

"టీచరమ్మా, ఆ పెట్టెలో ఉండేవన్నీ కావల్లా? ఊరికే ఒకటో రెండో కొనుక్కుంటే కాదా?" అని అడిగింది.

మా అమ్మ తెడ్డు ఆగిపోయిన చప్పుడు నాకు అక్కడ వినిపించింది. ఏం చెప్పాను? "అంగట్లో విడిగా ఇవ్వరమ్మా" అన్నాను. నిజమే, ఇవ్వరు. ఆ తల్లి క్యాను పట్టుకుని వెనుదిరిగింది. ఆమె గేటు దాటేదాకా చూసి, వచ్చి బోర్డు మీద ఆ చివరి మాట తుడిచేశాను. అప్పటి నుంచి బాక్సు లేని పిల్లలకు నా ఇత్తడి కంపాసు ఇచ్చేదాన్ని. లెక్కల పీరియడ్లో అది బల్ల నుంచి బల్లకు తిరిగేది. బడి ఊరికే చదువు చెబుతుందన్న మాట ఎవరు నమ్మినా నేను నమ్మను. వెల ఉంటుంది. కొందరు డబ్బుతో ఇస్తారు, కొందరు ఆఫీసరు గది ముందు మూడు రోజులు నిలబడి ఇస్తారు. పిల్లలకు మాత్రం ఆ వెల కనబడదు, నాకు కనబడనట్టే.

తరవాత గనులు మూతబడ్డాయి. ఆ వార్త వచ్చిన వారంలోనే నాయన బస్సెక్కి నేనున్న పల్లెకు వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. కూర్చోకుండానే అడిగాడు.

"ల్యాంపు, టోపీ, బెల్టు అన్నీ ఒప్పజెప్పమన్నారు అమ్మా. అది గూడా ఇయ్యి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మూసేసే కంపెనీకి కంపాసెందుకు నాయినా? జనం రేకులు, పైపులు పీక్కోని పోతా ఉండారు! ఇంకా పని అయిపోలేదు. నా క్లాసులో బాక్సు లేని బిడ్డలు దాంతోనే గీస్తారు" అని గట్టిగానే అరిచాను.

ఈసారి నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయన తొందరపడలేదు. సంచిలో చెయ్యి పెట్టి రెండు కొత్త జామెట్రీ బాక్సులు తీసి బల్ల మీద పెట్టాడు. ముళబాగిలు బస్టాండు దగ్గర కొన్నాడట.

"ఆ బిడ్డలకి ఇవి ఇయ్యి. అది నీ చదువుకని ఇచ్చినారు. నీ చదువు అయిపోయింది గదా" అన్నాడు.

ఆ రోజు నా కోసం కొనలేకపోయిన బాక్సు అది. ఉన్న ఉద్యోగం పోయిన వారంలో, ఎవరి పిల్లల కోసమో, ఒకటికి రెండు కొన్నాడు. కంపాసు తెచ్చి ఇచ్చాను. కాగితాలు చదివి పెట్టడానికని నేనూ ఆయన వెంట వెళ్ళాను.

ఆఫీసులో కుర్ర గుమాస్తా ల్యాంపు, టోపీ, బెల్టు రిజిస్టరులో చూసి టిక్కులు పెట్టాడు. నాయన వాటి పక్కన కంపాసు పెట్టాడు. దాని మీద నాలుగు మడతల చీటీ పెట్టాడు. మడతల దగ్గర అది చిరిగిపోతే అమ్మ గంజితో అతికించింది.

"ఇదేమప్పా? ఇది రిజిస్టర్లోనే లేదు. తీస్కోని పో" అన్నాడు గుమాస్తా.

"రిజిస్టర్లో లేకుంటే రాసుకో అప్పా. వాపసు అని అందులో ఉండాది" అన్నాడు నాయన.

గుమాస్తా నా వైపు చూశాడు. ముసలాయనకు చెప్పమ్మా అన్నట్టు. నేను ఒక్క మాట అంటే చాలు, ఆ కంపాసు నాతో ఇంటికి వచ్చేది. నాకు అది కావాలి. అంతగా నేను జన్మలో ఏ వస్తువునూ కోరుకోలేదు.

"రాసుకోండి సార్" అన్నాను.

అతను చీటీ వెనక ముట్టినది అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి నాయన చేతికిచ్చాడు. కంపాసును దాని వైపు చూడకుండానే పక్క బల్ల మీదికి తోశాడు.

గేటు దగ్గరికి వచ్చాం. సోదా గది తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. కాపలావాళ్ళు దూరంగా ఎండలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను దాటిపోబోతూ వెనక్కి చూస్తే నాయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. ఎప్పుడూ నిలబడే చోట నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

"ఎవురూ లేరు నాయినా, రా" అన్నాను.

"వస్తారులే, ఉండు" అన్నాడు.

కాసేపు చూశాను. ఎవరూ రాలేదు. ఆయన చేతులు దించలేదు. అవి వణకనూ లేదు.

నేను లోపలికి వెళ్ళి ఆయన చొక్కా జేబు తడిమాను. బస్సు టికెట్లు, ముద్ర వేసిన చీటీ. నడుము తడిమాను. గుడ్డ సంచి విప్పి చూశాను.

"ఏమీ లేదు, పో నాయినా" అన్నాను.

ఆయన చేతులు దించి, చెప్పులు వేసుకుని, గేటు దాటాడు.